జేమీ జోసెఫ్ రెండు దేశాలకు ఎలా ఆడాడు, జపాన్ కోచ్‌గా ఎలా నెగ్గాడు? మీ తమ్ముడికి ఆ దారి కుదురుతుందా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. న్యూజీలాండ్ జాతీయ రగ్బీ జట్టు ఆల్ బ్లాక్స్ తరఫున వరల్డ్ కప్ ఫైనల్లో దిగిన మనిషి, ఆ తర్వాతి వరల్డ్ కప్‌కే జపాన్ జెర్సీ ఎలా వేసుకున్నాడు, మళ్లీ అదే జపాన్‌కు కోచ్ ఎలా అయ్యాడు అన్నది మొదటిది. భువనేశ్వర్‌లో చదువుకుంటూ రగ్బీ ఆడుతున్న మీ తమ్ముడు అలాగే విదేశానికి వెళ్లి, ఆడి, తర్వాత కోచింగ్‌లో స్థిరపడగలడా అన్నది రెండోది. రెండింటికీ వివరంగానే చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను ఉద్యోగం మీద వెళ్లి జపాన్‌లోని కితాక్యూషూలో తొమ్మిదేళ్లు ఉన్నాను. అందులో ఏడేళ్లు ఆదివారం ఆదివారం పిల్లల రగ్బీ స్కూల్లో వాలంటీర్ కోచ్‌గా చేశాను. జోసెఫ్ జపాన్‌లో ఆడిన జట్టు ఉండే మునాకతా మాకు రైల్లో గంట లోపే. ఆ గ్రౌండ్లకు పిల్లల టోర్నమెంట్ల కోసం చాలాసార్లు వెళ్లాను. అందుకే ఈయన కథ నాకు పేపర్లో చదివినట్టు కాదు, పక్కింటివాళ్ల విషయం లాగా అనిపిస్తుంది.

ముందు ఆటగాడి సంగతి. జోసెఫ్ 1969లో న్యూజీలాండ్ సౌత్ ఐలాండ్‌లోని బ్లెన్‌హైమ్‌లో పుట్టాడు. మావోరీ కుటుంబం. డ్యునెడిన్‌కు వచ్చి ఒటాగో ప్రావిన్స్‌కు ఆడాడు. 1992లో ఆల్ బ్లాక్స్‌లోకి వచ్చి 1995 దాకా 20 టెస్టులు, అంటే అంతర్జాతీయ మ్యాచ్‌లు, ఆడాడు. ఆడేది బ్లైండ్‌సైడ్ ఫ్లాంకర్, అంటే 6వ నంబర్. రగ్బీ తెలియనివాళ్లకు చెప్పాలంటే, కబడ్డీలో కార్నర్‌లో కాచుకుని ఉండి రైడర్ కాలు దొరగ్గానే దూకేవాడు ఉంటాడు చూడండి, దాదాపు ఆ పని. ఎక్కువ టాకిల్స్ చేయాలి, ఎక్కువ దెబ్బలు తినాలి, పేపర్లో ఫొటో మాత్రం ట్రై కొట్టినవాడిది, అంటే బాల్‌ను ఎదుటివాళ్ల గీత దాటించి నేలకు ఆనించినవాడిది, వస్తుంది. మెత్తటి ఆటగాడేమీ కాదు. 1993లో ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ స్క్రమ్‌హాఫ్ (9వ నంబర్ ఆటగాడు) కైరన్ బ్రాకెన్ చీలమండను తొక్కి పెద్ద గొడవకే కారణమయ్యాడు. అది తప్పే. ఈయన్ను అభిమానిస్తాను కాబట్టి ఆ మాట దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు.

1995 వరల్డ్ కప్ దక్షిణాఫ్రికాలో. జూన్ 4న బ్లూమ్‌ఫాంటేన్‌లో న్యూజీలాండ్ జపాన్‌ను 145-17తో ఓడించింది. 21 ట్రైలు. జపాన్ రగ్బీకి అంతకంటే పెద్ద అవమానం లేదు. నాతో పాటు కోచింగ్ చేసిన ఒక పెద్దాయన ఆ స్కోరును నోటితో చెప్పేవాడు కాదు, 'ఆ మ్యాచ్' అనేవాడు. అదే జూన్ 24న జోహన్నెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్‌లో ఫైనల్. జోసెఫ్ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో స్ట్రాన్‌స్కీ డ్రాప్ గోల్‌తో (బాల్‌ను నేలకు తగిలించి గోల్‌పోస్టుల మధ్యకు తన్నడం) దక్షిణాఫ్రికా 15-12తో గెలిచింది.

ఆ రెండు నెలల తర్వాత, 1995 ఆగస్టు చివర్లో, రగ్బీ యూనియన్ అధికారికంగా ప్రొఫెషనల్ ఆట అయింది. అప్పటిదాకా ఆటకు జీతం తీసుకోవడం నియమాల ప్రకారం కుదరదు. జపాన్‌లో మాత్రం కంపెనీ జట్లుండేవి. కంపెనీ నిన్ను ఉద్యోగిగా పెట్టుకుంటుంది, నువ్వు కంపెనీ జట్టుకు ఆడతావు. మన దగ్గర రైల్వేస్, బ్యాంకులు, పోలీసు జట్లు క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చినట్టే. జోసెఫ్ ఆ దారిలోనే ఫుకుఓకా ప్రాంతంలోని సానిక్స్ జట్టుకు వెళ్లాడు. సానిక్స్ అంటే ఏదో పెద్ద కార్ల కంపెనీ అనుకోకండి, చెదపురుగుల నివారణ, శానిటేషన్ పనులతో పైకొచ్చిన కంపెనీ. జట్టు కూడా అప్పటికి కొత్తదే. టోక్యోలోనో కోబెలోనో ఉన్న పేరున్న జట్లతో పోలిస్తే చిన్నది. వరల్డ్ కప్ ఫైనల్ ఆడిన మనిషి, 25 ఏళ్లకే, అలాంటి చోటికి వెళ్లి ఏడేళ్లు ఉన్నాడు. ఆయన కెరీర్ గురించి రాసేవాళ్లు చాలామంది ఈ ఏడేళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా దృష్టిలో అసలు కథంతా అక్కడే ఉంది.

ఇప్పుడు రెండు జెర్సీల సంగతి. అప్పటి నియమాల్లో ఒక దేశానికి ఆడినవాడు, తర్వాత ఇంకో దేశంలో మూడేళ్లు నివాసముంటే ఆ దేశానికీ ఆడొచ్చు. అలా 1999 వరల్డ్ కప్‌కు జోసెఫ్ జపాన్ జట్టులో చేరాడు. ఒక్కడే కాదు, 1995 ఫైనల్లో ఆల్ బ్లాక్స్ స్క్రమ్‌హాఫ్‌గా ఆడిన గ్రేమ్ బాచప్ కూడా అదే జట్టులో ఉన్నాడు. కెప్టెన్ ఆండ్రూ మెకార్మిక్ కూడా న్యూజీలాండ్ నుంచి వచ్చినవాడే. కోచ్ సెయిజి హిరావో. ఫలితాలు మాత్రం బాగాలేదు. సమోవా చేతిలో 9-43, వేల్స్ చేతిలో 15-64, అర్జెంటీనా చేతిలో 12-33. మూడూ ఓటమే. జపాన్‌కు జోసెఫ్ ఆడిన టెస్టులు మొత్తం 9. ఆ వరల్డ్ కప్ అయిన వెంటనే, 2000 జనవరి 1 నుంచి, ఒక మనిషికి ఒకే దేశం అన్న నియమం వచ్చేసింది. అంటే ఆ తలుపు మూసుకునే ముందు దాటిన చివరి కొద్దిమందిలో జోసెఫ్ ఒకడు. మీ తమ్ముడి విషయంలో ఇది ముఖ్యం, కిందకి వచ్చాక మళ్లీ చెబుతాను.

ఆ 1999 జట్టులో షిన్ హసెగవా అని ఒక ప్రాప్, అంటే స్క్రమ్‌లో ముందు వరసలో ఉండి నెట్టే ఆటగాడు, ఉండేవాడు. ఈ పేరు గుర్తుంచుకోండి.

జపాన్‌లో ఆట ముగించుకుని జోసెఫ్ న్యూజీలాండ్ తిరిగి వెళ్లాడు. మాజీ ఆల్ బ్లాక్ కదా, నేరుగా పెద్ద జట్టు చేతికిచ్చి ఉంటారని చాలామంది అనుకుంటారు. అలా జరగలేదు. 2008లో వెల్లింగ్టన్ ప్రావిన్స్ జట్టుకు హెడ్ కోచ్ అయ్యాడు. ఆ ఏడాది న్యూజీలాండ్ ప్రావిన్స్‌ల పోటీ ఫైనల్లో కాంటర్‌బరీ చేతిలో 7-6తో, ఒక్క పాయింట్ తేడాతో ఓడారు. మరుసటేడు మళ్లీ ఫైనల్, మళ్లీ కాంటర్‌బరీ, మళ్లీ ఓటమి. 2010లో న్యూజీలాండ్ మావోరీ జట్టుకు కోచ్‌గా ఐర్లాండ్‌ను 31-28తో, ఇంగ్లండ్‌ను 35-28తో ఓడించాడు. 2011లో డ్యునెడిన్‌లోని హైలాండర్స్ బాధ్యత తీసుకున్నాడు. అది సూపర్ రగ్బీలో, అంటే అప్పట్లో న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ప్రొఫెషనల్ జట్లు తలపడే లీగ్‌లో, ఆడే జట్టు.

హైలాండర్స్ 2013 సీజన్ గురించి తప్పకుండా చెప్పాలి. ఆ ఏడాది మా నోను, బ్రాడ్ థార్న్, టోనీ వుడ్‌కాక్ లాంటి వరల్డ్ కప్ విజేతలను తెచ్చుకున్నారు. కాగితం మీద ఆ జట్టును చూస్తే ఎవరికైనా కప్పు వీళ్లదే అనిపిస్తుంది. 16 మ్యాచ్‌ల్లో గెలిచింది 3. 15 జట్లలో 14వ స్థానం. ఇంకో చోట అయితే కోచ్ ఇంటికి పోయేవాడు. ఈయన ఉన్నాడు. పెద్ద పేర్లను పక్కనపెట్టి, కష్టపడే కుర్రాళ్లతో జట్టును మళ్లీ కట్టుకొచ్చాడు. 2014లో ప్లేఆఫ్స్‌కు చేరారు. 2015 జులై 4న వెల్లింగ్టన్‌లో హరికేన్స్‌ను వాళ్ల సొంత గడ్డ మీదే 21-14తో ఓడించి మొదటిసారి సూపర్ రగ్బీ టైటిల్ గెలిచారు. ఆ రోజు ఎదురు జట్టులో మా నోను కూడా ఉన్నాడు.

ఆ సూపర్ రగ్బీ కప్పు చూసే జపాన్ ఆయన్ను పిలిచింది. కానీ జపాన్‌లో ఆయన నెగ్గడానికి కప్పు ఒక్కటే సరిపోయేది కాదని నా నమ్మకం. ఎందుకో చెప్పడానికి నా అనుభవం ఒకటి చెప్పాలి.

నేను పిల్లల స్కూల్లో చేరిన మొదటి నెలలో ఎనిమిదేళ్ల పిల్లాడొకడు వరసగా మూడు పాస్‌లు జారవిడిచాడు. నేను మన స్కూల్ డ్రిల్ మాస్టార్లను చూసి పెరిగినవాణ్ని. 'బాల్ చూడవేంరా' అన్న ధోరణిలో గట్టిగా అరిచాను. పిల్లాడు ఏడవలేదు. అంతకంటే బాధ కలిగించే పని చేశాడు. నాలుగోసారి పాస్ వచ్చే చోటు నుంచి మెల్లగా పక్కకు జరిగి, బాల్ తన దాకా రాకుండా చూసుకున్నాడు. ఆట అయ్యాక కోన్లు ఏరుకుంటుంటే మా పెద్ద కోచ్ నా పక్కన వంగి తనూ ఏరుతూ చెప్పాడు: "బాల్ జారవిడిస్తే నేర్పొచ్చు. బాల్ అడగడం మానేస్తే నేర్పలేం." ఆ పిల్లాడు మళ్లీ బాల్ అడగడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు ఆదివారాలూ నేను వాడి దగ్గరే ఉండి, జారినా సరే 'బాగుంది, ఇంకోటి' అంటూ గడిపాను.

జపాన్ జాతీయ జట్టు సమస్య కూడా పెద్ద స్థాయిలో ఇలాంటిదే. ఆటగాళ్లు క్రమశిక్షణలో, ఫిట్‌నెస్‌లో ఎవరికీ తీసిపోరు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. కానీ చెప్పనిది చేయరు. సెన్‌పాయ్, అంటే సీనియర్, ఉండగా జూనియర్ నోరు విప్పడు. తప్పు చేస్తే అందరి ముందు పరువు పోతుందన్న టెన్షన్. జోసెఫ్ కంటే ముందున్న కోచ్ ఎడ్డీ జోన్స్ ఆ క్రమశిక్షణనే ఆయుధం చేసుకుని, గట్టి పట్టుతో నడిపి, 2015 వరల్డ్ కప్‌లో బ్రైటన్‌లో దక్షిణాఫ్రికాను 34-32తో ఓడించాడు. అది మామూలు విజయం కాదు. జోసెఫ్ 2016లో వచ్చి వేరే దారి పట్టాడు. కిక్ కొట్టి బాల్‌ను కలగాపులగం చేయడం, ఆ గందరగోళంలో ఎదుటి జట్టు కంటే ముందు నిర్ణయం తీసుకోవడం ఆయన పద్ధతి. ఇందులో కోచ్ చెప్పగలిగింది తక్కువ, ఆటగాడు అక్కడికక్కడ తేల్చుకోవాల్సింది ఎక్కువ. అందుకని కొందరిని కలిపి లీడర్ల గ్రూప్ కట్టాడు. మీటింగ్‌లో వాళ్లే మాట్లాడాలి, ప్లాన్‌లో లోపం ఉంటే వాళ్లే చెప్పాలి.

ఇది వెంటనే అతకలేదు. మొదటి టెస్టులోనే, 2016 నవంబర్‌లో, అర్జెంటీనా చేతిలో 20-54తో ఓడారు. 2017లో ఐర్లాండ్ వచ్చి రెండుసార్లు ఓడించి వెళ్లింది. మా రగ్బీ స్కూల్లో తండ్రులు బీర్ తాగుతూ 'ఎడ్డీనే ఉంచాల్సింది' అనేవాళ్లు. ఆ తర్వాత మెల్లగా మార్పు కనిపించింది. ఫ్రాన్స్‌తో ఫ్రాన్స్‌లోనే 23-23 డ్రా. 2018లో ఇటలీ మీద గెలుపు. అదే ఏడాది ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద హాఫ్‌టైమ్‌కు 15-10 ఆధిక్యం. ఆ మ్యాచ్ ఓడారు కానీ, చూసినవాళ్లకు విషయం అర్థమైంది.

ఇక్కడే ఆ ఏడేళ్ల సానిక్స్ జీవితం పనికొచ్చింది. బయటినుంచి వచ్చిన కోచ్ 'మీ పద్ధతి తప్పు, మాట్లాడండి' అంటే జపాన్‌లో అందరూ తల ఊపి, మళ్లీ మౌనంగానే ఉంటారు. ఆ మౌనం వెనక ఏముందో జోసెఫ్‌కు తెలుసు. ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో తనూ భాష రాని విదేశీయుడిగా కూర్చున్నవాడు కదా. సహాయకుల ఎంపికలోనూ అది కనిపిస్తుంది. అటాక్ కోచ్ టోనీ బ్రౌన్ జపాన్‌లో సాన్యో జట్టుకు ఆడినవాడు. స్క్రమ్ కోచ్‌గా ఇంకెవరో కాదు, 1999లో తనతో పాటు మూడు మ్యాచ్‌లూ ఓడిన షిన్ హసెగవా. యూరప్ నుంచి పేరున్న స్క్రమ్ కోచ్‌ను తెచ్చుకోవచ్చు, తెచ్చుకోలేదు.

స్క్రమ్ అంటే ఎనిమిది మంది ఒకరినొకరు పట్టుకుని ఎదుటి ఎనిమిది మందిని నెట్టడం. చూసేవాళ్లకు బరువున్నవాళ్లదే గెలుపు అనిపిస్తుంది. కబడ్డీలో సన్నగా ఉన్న నలుగురు చెయిన్ సరిగ్గా బిగిస్తే ఎంత బలమైన రైడర్ అయినా ఎలా ఆగిపోతాడో తెలుసు కదా. హసెగవా నేర్పింది అదే. ఎవరి పాదం ఎక్కడ, ఎవరి మోకాలు ఎంత వంపు, పట్టు ఎక్కడ అని అంగుళం అంగుళం లెక్క. ఎనిమిది మంది బలం ఒక్కటిగా ముందుకు పోవాలి, పక్కకు ఒలికిపోకూడదు.

2019 సెప్టెంబర్ 28, షిజుఓకా. వరల్డ్ కప్‌లో జపాన్, ఐర్లాండ్ మ్యాచ్. ఐర్లాండ్ టోర్నమెంట్‌కు ప్రపంచ నంబర్ వన్‌గా వచ్చిన జట్టు. మ్యాచ్‌కు ముందు జోసెఫ్ జట్టుకు చెప్పిన నాలుగు మాటలు తర్వాత జపాన్ అంతా పాకాయి. మనం గెలుస్తామని ఎవరూ అనుకోవడం లేదు, పోటీ ఇస్తామని కూడా అనుకోవడం లేదు, మనం ఎంత వదులుకుని ఇక్కడికొచ్చామో ఎవరికీ తెలియదు, నమ్ముతున్నది మనం మాత్రమే అన్నది ఆ మాటల సారం. మేమంతా కితాక్యూషూలోని కొకురాలో ఒక చిన్న ఈజకాయలో, అంటే తాగుతూ తినే చిన్న హోటల్లో, పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని, టీవీ ముందు ఉన్నాం. మొదటి సగంలో ఐర్లాండ్ 12-3, తర్వాత 12-6. హాఫ్‌టైమ్ దగ్గరపడుతుండగా ఐర్లాండ్ పెట్టిన స్క్రమ్. బాల్ వాళ్లది. జపాన్ ఎనిమిది మంది ఒక్క క్షణం కదలకుండా ఉన్నారు, ఆ తర్వాత మెల్లగా, గోడ జరిగినట్టు, ఐర్లాండ్ స్క్రమ్ వెనక్కి పోయింది. రిఫరీ చెయ్యి జపాన్ వైపు లేచింది. ప్రాప్ కూ జివొన్ ఆకాశం వైపు తల ఎత్తి అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. కూ కొరియా నుంచి వచ్చిన కుర్రాడు. నా పక్కనున్న మా పెద్ద కోచ్ గ్లాస్ కింద పెట్టేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆయన 'ఆ మ్యాచ్' చూసినవాడు, 145 పాయింట్లు.

రెండో సగంలో కెంకి ఫుకుఓకా సబ్‌గా వచ్చి ట్రై కొట్టాడు. 19-12. ఇతను మా ప్రాంతం కుర్రాడే, తర్వాత ఆట వదిలి మెడిసిన్ చదవడానికి వెళ్లిపోయాడు. ఇక రష్యా మీద 30-10, సమోవా మీద 38-19 సరే. అక్టోబర్ 13న యొకొహామాలో, హగిబిస్ తుపాను వచ్చి వెళ్లిన మర్నాడు, స్కాట్లండ్‌ను 28-21తో ఓడించి జపాన్ మొదటిసారి క్వార్టర్ ఫైనల్‌కు చేరింది. ఆ మ్యాచ్ జరుగుతుందో లేదో ఉదయం దాకా తెలియదు. తుపానులో చనిపోయినవాళ్ల కోసం మౌనం పాటించి ఆట మొదలుపెట్టారు. క్వార్టర్స్‌లో దక్షిణాఫ్రికా 26-3తో ఓడించింది, చివరికి కప్పూ వాళ్లే గెలిచారు.

ఆ జట్టు 31 మందిలో దాదాపు సగం విదేశాల్లో పుట్టినవాళ్లు. కెప్టెన్ మైకేల్ లీచ్ న్యూజీలాండ్‌లో పుట్టి, 15 ఏళ్లకు సప్పోరోకు చదువుకు వచ్చాడు. ఐర్లాండ్ మ్యాచ్‌లో అతణ్ని బెంచ్ మీద కూర్చోబెట్టి, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన లబుస్కాఖ్నేకు కెప్టెన్సీ ఇచ్చాడు జోసెఫ్. అంత ధైర్యం కావాలి. ఇంతమందిని ఒకటి చేయడానికి క్యాంపులో చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. మియజాకి క్యాంప్ రోజుల్లో జట్టంతా హ్యూగాలో ఓమి గుడికి వెళ్లారు. జపాన్ జాతీయగీతంలో చిన్న రాళ్లు కలిసి పెద్ద బండ అవుతాయని వస్తుంది. అలాంటి రాయి ఆ గుడిలో ఉంది. టోంగా, కొరియా, దక్షిణాఫ్రికా, న్యూజీలాండ్ నుంచి వచ్చినవాళ్లు, జపాన్‌వాళ్లు అందరూ ఆ రాయి ముందు నిలబడి గీతం పాడారు. అర్థం తెలుసుకుని పాడారు. జట్టు నినాదం 'వన్ టీమ్' 2019లో జపాన్‌లో ఆ ఏటి మాటగా ఎంపికైంది. మా ఆఫీసులో రగ్బీ బాల్ ముట్టుకోనివాళ్లు కూడా మీటింగుల్లో ఆ మాట వాడేవాళ్లు.

2023 వరల్డ్ కప్‌లో చిలీ, సమోవాల మీద గెలిచి, ఇంగ్లండ్, అర్జెంటీనాల చేతిలో ఓడి గ్రూప్‌లోనే ఆగిపోయారు. ఆ తర్వాత జోసెఫ్ డ్యునెడిన్‌కు, హైలాండర్స్‌కే తిరిగి వెళ్లాడు. ఆయన జపాన్‌లో ఆడిన సానిక్స్ రగ్బీ జట్టును మాత్రం కంపెనీ 2022లో ఆపేసింది. ఆ వార్త వచ్చిన వారం మా పిల్లల ప్రాక్టీస్‌కు ఇద్దరు తండ్రులు పాత సానిక్స్ జెర్సీలు వేసుకొచ్చారు.

ఇక మీ తమ్ముడి సంగతి.

రెండు దేశాలకు ఆడే దారి ఇప్పుడు దాదాపు లేదు. నివాసం ద్వారా అర్హత రావాలంటే ఒకే దేశంలో వరసగా 60 నెలలు ఉండాలి. ఒకసారి ఇండియా సీనియర్ జట్టుకు టెస్ట్ ఆడితే ఇంకో దేశానికి మారడం కుదరదు. 2022 నుంచి ఒక సడలింపు ఉంది కానీ, మూడేళ్లు అంతర్జాతీయ ఆటకు దూరంగా ఉండి, పైగా తనో, తల్లిదండ్రులో, అమ్మమ్మ తాతయ్యలో, నానమ్మ తాతయ్యలో ఆ దేశంలో పుట్టి ఉండాలి. మన కుటుంబాల్లో అది ఎందరికి వర్తిస్తుంది చెప్పండి. కాబట్టి ఇండియాకు ఆడే అవకాశం వస్తే కళ్లకద్దుకుని ఆడమనండి, వేరే లెక్కలు వద్దు.

విదేశంలో ఆడటం గురించి సూటిగా చెబుతాను. జపాన్‌లో పెద్ద లీగ్ అయిన లీగ్ వన్ జట్లు విదేశీయులుగా తీసుకునేది చాలావరకు పెద్ద దేశాల అంతర్జాతీయ ఆటగాళ్లను, లేదా హైస్కూల్, యూనివర్సిటీ నుంచే జపాన్‌లో చదివినవాళ్లను. ఇరవై రెండేళ్లకు ఇక్కడినుంచి నేరుగా అక్కడ కాంట్రాక్ట్ అంటే నమ్మకండి. నాకు తెలిసిన కుర్రాడొకడు, తెలంగాణవాడే, విదేశీ క్లబ్‌లో జీతంతో ఆడిస్తానన్న ఒక ఏజెంట్‌కు రెండున్నర లక్షలు కట్టాడు. దిగాక తేలింది ఏమిటంటే, అది వారం వారం సరదాగా ఆడుకునే క్లబ్, పైగా అక్కడ ఆటగాళ్లే మెంబర్‌షిప్ ఫీజు కడతారు. ఆ డబ్బు వాళ్ల నాన్న పొలం మీద తెచ్చిన అప్పు. తీర్చడానికి మూడేళ్లు పట్టింది. అసలైన క్లబ్ ఏదీ ఆటగాడి దగ్గర కాంట్రాక్ట్‌కు డబ్బు అడగదు. ఎవరైనా అడిగితే అక్కడే ఆగిపోండి.

కుదిరే దారి చదువో ఉద్యోగమో పట్టుకుని వెళ్లడం. న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, జపాన్, ఇంగ్లండ్ ఎక్కడైనా ఊరి క్లబ్‌లు ఉంటాయి, తలుపు తడితే రానిస్తారు. జీతం ఉండదు. వారానికి రెండు సాయంత్రాలు ప్రాక్టీస్, శనివారం మ్యాచ్. వెళ్లిన మొదటి సీజన్లోనే అండర్ 8, అండర్ 10 పిల్లలకు సాయం చేస్తానని చెప్పమనండి. ఏ క్లబ్‌కైనా పిల్లల కోచ్‌లు ఎప్పుడూ తక్కువే, కాదనేవాళ్లుండరు. భాష, ఆ ఊరి తీరు, అక్కడి తల్లిదండ్రులతో మాట్లాడే పద్ధతి అన్నీ అక్కడే వస్తాయి. నాకు జపనీస్ వచ్చింది ఆఫీసులో కాదు, ఆ పిల్లల దగ్గరే.

వెళ్లేలోపు ఇక్కడే చేయగలిగినవి ఉన్నాయి. వరల్డ్ రగ్బీ వాళ్ల ఆన్‌లైన్ కోర్సుల్లో రగ్బీ రెడీ, తలకు దెబ్బ తగిలినప్పటి జాగ్రత్తల కోర్సు ఉచితం, ఈ నెలలోనే పూర్తిచేయొచ్చు. తర్వాత రగ్బీ ఇండియా పెట్టే లెవెల్ 1 కోచింగ్ కోర్సు, కుదిరితే రిఫరీ కోర్సు కూడా. విదేశానికి వెళ్లినా ఈ సర్టిఫికెట్లు పనికొస్తాయి. భువనేశ్వర్‌లో ఉండటం అతని అదృష్టం. దేశంలో రగ్బీ వేళ్లూనుకున్న కొద్ది చోట్లలో అదొకటి, ఆదివాసీ పిల్లలు, ముఖ్యంగా అమ్మాయిలు, అక్కడినుంచి జాతీయ జట్టుకు వచ్చారు. జూనియర్లకు వారానికి ఒక సెషన్ తనే నడిపిస్తానని అక్కడి కోచ్‌ను అడగమనండి. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ పేరుతో జట్టు కూడా ఉంది. అలాంటి లీగుల్లో ఆటగాళ్లతో పాటు వీడియో అనాలిసిస్, ఫిట్‌నెస్, టీమ్ మేనేజ్‌మెంట్ పనులు తెలిసినవాళ్లు కావాలి. మ్యాచ్ వీడియో చూసి, ఎన్ని టాకిల్స్, ఎన్ని తప్పాయి, బాల్ ఎక్కడ పోయింది అని నోట్‌బుక్‌లో రాసుకోవడం ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఒక ల్యాప్‌టాప్ చాలు.

వయసు గురించి కంగారు పడుతున్నారని మీ మాటల్లో తెలుస్తోంది. జోసెఫ్ వెల్లింగ్టన్ హెడ్ కోచ్ అయ్యేనాటికి 38, జపాన్‌కు కోచ్‌గా వెళ్లేనాటికి 46 దాటింది. మీ తమ్ముడికి ఇరవై రెండే.

ఇంకో మాట, డిగ్రీ మధ్యలో ఆపనివ్వకండి. వీసాకు అదే ఆధారం. జపాన్ వైపు మొగ్గుంటే డిగ్రీతో పాటే జపనీస్ మొదలుపెట్టమనండి, జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి (కింది నుంచి రెండోది) దాకా ఇక్కడే నేర్చుకోవచ్చు. అతను ఏ పొజిషన్ ఆడతాడు, సెవెన్సా (ఏడుగురి ఆట) ఫిఫ్టీన్సా (పదిహేను మంది ఆట), ఇప్పటిదాకా ఏ స్థాయి దాకా వెళ్లాడు అన్నది కింద రాయండి. దాన్నిబట్టి ఎలాంటి క్లబ్‌లకు ఉత్తరం రాయాలో, అందులో ఏం రాయాలో చెబుతాను. క్యూషూ వైపు వెళ్లేట్టయితే మా పాత స్కూల్ పెద్ద కోచ్‌కు నేనే ఫోన్ చేసి చెబుతాను, ఆయన ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే కోన్లు పట్టుకుని గ్రౌండ్‌లోనే ఉంటాడు.